వెలుతురు ఎక్కడ ఆగాలి: మంచం పక్క దీపం కేస్ స్టడీ

ఈ పని నా దగ్గరికి వచ్చినప్పుడు చేతికిచ్చిన కాగితంలో ముఖ్యమైనవి మూడే ముక్కలు. ఇంట్లో వాడుకునే టేబుల్ లాంప్ కావాలి. వెయ్యి ల్యూమెన్ల వెలుతురు ఉండాలి. చేయి అన్ని వైపులకూ తిరగాలి. ఏడాది తర్వాత తయారైన దీపం ఇచ్చేది దాదాపు 385 ల్యూమెన్లే. దాని చేయి అడ్డంగా తిరుగుతుంది తప్ప పైకీ కిందికీ కదలదు. అయినా పని అప్పగించిన కంపెనీ దాన్ని ఒప్పుకుంది. ఆ రెండు కోరికలూ ఎందుకు పక్కకు పోయాయో, వాటి చోట ఏం వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఇండస్ట్రియల్ డిజైనర్‌ని. ఫ్యాన్లు, హెల్మెట్లు, వైద్య పరికరాల పెట్టెలు చేసి, తర్వాత దీపాల వైపు వచ్చాను. కుర్చీ గీస్తే గీసిందే వస్తువు. దీపం అలా కాదు. గీసింది సగమే, మిగతా సగం గోడ మీద, పుస్తకం మీద, పక్కనున్న మనిషి మొహం మీద పడుతుంది. అందుకే నా స్కెచ్ పుస్తకం మొదటి పేజీల్లో దీపం కనిపించదు. మంచం, దిండు, మనిషి కళ్లు, తెరిచిన పుస్తకం ఉంటాయి. వెలుతురు ఎందాకా రావాలి, ఎక్కడ ఆగాలి అని ఒక గీత ఉంటుంది. ఆ గీత ఖాయమయ్యాకే దీపం ఎలా ఉండాలో ఆలోచిస్తాను.

సాయంత్రాలు

పెన్సిల్ పట్టుకునే ముందు కొన్ని ఇళ్లలో సాయంత్రాలు గడిపాను. సర్వే ఏమీ కాదు, ప్రశ్నల కాగితం కూడా తీసుకెళ్లలేదు. ఎవరు ఎక్కడ కూర్చుని చదువుతున్నారు, లైటు ఎప్పుడు వేస్తున్నారు, ఎందుకు ఆపేస్తున్నారు అని చూడటమే. "మీకు ఎలాంటి దీపం కావాలి?" అని నేను ఎవర్నీ అడగను. అడిగితే ఎక్కడో చూసిన బొమ్మను వర్ణిస్తారు. ఉన్న దీపంతో వాళ్లు ఎలా సర్దుకుపోతున్నారో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఒకచోట షేడ్ అంచుకు అట్టముక్క పెట్టి బట్టల క్లిప్పు బిగించారు. ఇంకోచోట దీపాన్ని బల్ల మీంచి దించి మంచం వెనక నేల మీద పెట్టారు. మరోచోట షేడ్ మీద తువ్వాలు కప్పారు (అది ప్రమాదం, చూడగానే తీయించాను). వెలుతురు చాలడం లేదని ఎవరూ అనలేదు. అందరి అవస్థా దాన్ని ఆపడానికే.

ఒక ఇంట్లో ఆయన చదువుకుంటున్నారు, ఆవిడ మోచేయి కళ్ల మీద పెట్టుకుని అటు తిరిగి పడుకున్నారు.

"ఏమండీ, ఆ లైటు కాస్త అటు తిప్పండి."

"తిప్పితే నాకు అక్షరం కనబడదు."

కంపెనీ ఇచ్చిన కాగితం వెనక ఈ రెండు మాటలూ రాసుకున్నాను. ఇంకో ఇంట్లో ఒక పెద్దాయన తన బాధ ఇలా చెప్పారు: "లైటు వేస్తే అక్షరం కనిపిస్తుంది బాబూ, కళ్లు మండుతాయి. ఆపితే కళ్లు హాయిగా ఉంటాయి, అక్షరం పోతుంది." అది కూడా రాసుకున్నాను.

వెయ్యి ల్యూమెన్లు ఎటు పోతాయి

దీపం నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక చోట పడిన వెలుతురుకు లక్స్ కొలత: చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. పెట్టె మీద అచ్చు వేసేది మొదటి అంకె, చదివేవాడికి పనికొచ్చేది రెండోది. చదవడం, రాయడం సాగే ఆఫీసు బల్లలకు లైటింగ్ ప్రమాణాలు 500 లక్స్ అడుగుతాయి. తెరిచిన పుస్తకం, దాని చుట్టూ కాస్త చోటు కలిపి 60 సెం.మీ. వ్యాసమున్న వృత్తం అనుకోండి. వైశాల్యం 0.28 చదరపు మీటర్లు. దాన్ని 500తో గుణిస్తే 140 ల్యూమెన్లు. అంతే కావాలి. వెయ్యిలో మిగతా 860 గోడకూ పైకప్పుకూ పోతాయి, కొన్ని అటు తిరిగి పడుకున్న ఆవిడ కళ్లలోకి పోతాయి.

పెద్దాయన లెక్క వేరు. వయసు పెరిగేకొద్దీ కంటిలో కటకం పసుపు తిరుగుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. 20 ఏళ్ల కంటితో పోలిస్తే 60 ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుతురు సుమారు మూడో వంతు. అంటే ఆయనకు 140కి మూడు రెట్లు, 420 ల్యూమెన్లు కావాలి. మేం 550 ల్యూమెన్ల ఎల్‌ఈడీ తీసుకున్నాం. షేడ్ లోపల 30 శాతం పోగా బయటికి వచ్చేవి 385. వృత్తం నడిమధ్యలో వెలుతురు సగటు కంటే బాగా ఎక్కువే ఉంటుంది. కాబట్టి తక్కువపడిన ఆ 35 కోసం పెద్ద ఎల్‌ఈడీ పెట్టి వేడి పెంచుకోవడం అనవసరం అనిపించింది.

కంపెనీ మీటింగులో ఈ లెక్క బోర్డు మీద వేస్తే మార్కెటింగ్ ఆయన ఒకటే అడిగారు: "పక్క పెట్టె మీద 1,200 అని ఉంటే, మన పెట్టె మీద 385 చూసి ఎవరు కొంటారండీ?" న్యాయమైన ప్రశ్నే. దానికి లెక్కలతో జవాబు చెప్పడం కుదరదు. గది చీకటి చేసి, వెయ్యి ల్యూమెన్ల బల్బున్న మామూలు లాంపు ఒకటి, అట్టతో చేసిన నా నమూనా ఒకటి పక్కపక్కన పెట్టి, చిన్న అక్షరాల కాగితం ఒకటి ఆయన చేతికిచ్చాను. కాసేపయ్యాక ఆయనే లేచి వెళ్లి పెద్ద బల్బు ఆపేశారు. పెట్టె మీద "పుస్తకం మీద 500 లక్స్" అన్న మాట పెద్దగా, ల్యూమెన్లు చిన్నగా వేయాలని ఆ రోజే తేలింది.

పడుకున్న కళ్లు

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ రోజులు గడిపింది షేడ్ లోతు మీద. బయటికి చూస్తే అది 20 మి.మీ. తేడా మాత్రమే.

టేబుల్ లాంపులు చాలావరకు కూర్చున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. కూర్చున్నవాడి కళ్లు షేడ్ కంటే పైన ఉంటాయి కాబట్టి షేడ్ కిందికి తిరిగి ఉంటే బల్బు కనిపించదు. పడుకున్న మనిషి కళ్లు షేడ్ కంటే కింద ఉంటాయి. కూర్చున్నవాడికి ఎంతో మర్యాదగా ఉన్న దీపమే పడుకున్నవాడికి బోర్లించిన గిన్నెలో టార్చిలైటులా కనిపిస్తుంది.

కొలిచి చూశాను. దీపం తల దిండు మట్టం నుంచి 40 సెం.మీ. ఎత్తున ఉంది. పక్కన పడుకున్నవారి కళ్లు అడ్డంగా 110 సెం.మీ. దూరంలో ఉన్నాయి. అంటే అక్కడికి వెళ్లే వెలుతురు కిరణం సమతలం నుంచి 20 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. అంతకంటే నిటారుగా దిగే కిరణాలు పుస్తకం వైపు పోతాయి, వాటితో పేచీ లేదు. 20 డిగ్రీల దగ్గరా, అంతకంటే తక్కువ వాలుతోనూ బయటికి వచ్చేవన్నీ ఆగిపోవాలి.

ఆపేది షేడ్ అంచే. షేడ్ నోరు 120 మి.మీ. వెడల్పు, ఎల్‌ఈడీ పలక 24 మి.మీ. వెడల్పు. పలకకు ఆ చివర నుంచి బయల్దేరి ఈ చివరి అంచును తాకుతూ పోయే కిరణమే అన్నిటికంటే దూరం పోతుంది. అది అడ్డంగా నడిచే దూరం 60, 12 కలిపి 72 మి.మీ. పలక అంచు కంటే 30 మి.మీ. లోతులో ఉంటే ఆ కిరణం దాదాపు 23 డిగ్రీల వాలుతో బయటపడుతుంది. 20 కంటే ఎక్కువే కదా, చాలు అనుకుని మొదటి నమూనా అలాగే చేశాను. బల్ల మీద బాగానే ఉంది. ఇంటికి తీసుకెళ్లి మంచం పక్కన పెట్టగానే తేలిపోయింది. చదివేవాళ్లు దీపం తలను ఒక్క 5 డిగ్రీలు తమ వైపు వంచినా వెలుతురు నేరుగా అవతలి దిండు మీదికి వెళ్లింది. దీపం తలను కాస్తయినా వంచకుండా ఎవరూ ఊరుకోరు.

లోతు 50 మి.మీ. చేస్తే కోణం 35 డిగ్రీలు అవుతుంది. అప్పుడు తల 15 డిగ్రీలు వంచినా ఇంకా 20 మిగులుతుంది. అందుకే కీలులో ఒక చిన్న మేకు పెట్టి, పక్క దిండు వైపు 15 డిగ్రీల దగ్గర తల ఆగిపోయేలా చేశాను. మధ్యలో 40 మి.మీ. నమూనా కూడా చేశాను, చూడ్డానికి అదే అందంగా ఉంది. నిజం చెప్పాలంటే 50 మి.మీ. షేడ్ కాస్త మొద్దుగా ఉంటుంది. అందం కోసం ఆవిడ నిద్ర చెడగొట్టలేం కదా అని దాన్నే ఉంచాను.

కోణం కుదిరాక ఇంకో చిక్కు బయటపడింది. ఎల్‌ఈడీ కనబడటం లేదు, కానీ షేడ్ లోపలి గోడ కనిపిస్తోంది. దానికి మెరిసే తెలుపు వేయించాను, వెలుతురు వృథా కాకూడదని. పడుకుని చూస్తే ఆ తెల్ల గోడే ఒక చంద్రవంక బల్బులా వెలుగుతోంది. నిగనిగలాడే పూత తీసేసి, అంచు నుంచి 18 మి.మీ. దాకా మెరుపు లేని ముదురు బూడిద రంగు వేయించాను. పోయిన ఆ 30 శాతంలో ఎక్కువ భాగం ఈ పట్టీ తిన్నదే.

ఈ విద్యలో అందరికీ గురువు డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్సెన్. 1926 నాటికే మూడు షేడ్లు ఒకదాని కింద ఒకటి అమర్చి, బల్బు ఎటునుంచీ కళ్లలో కొట్టకుండా దీపం చేశాడు. ఆ షేడ్ల వంపు లాగరిథమిక్ స్పైరల్. దాంతో బల్బు నుంచి వచ్చే కిరణం షేడ్‌లో ఏ చోట తాకినా ఒకే కోణంలో తాకుతుంది. బల్బుల ఆకారాలు మారిపోతూ ఉండటంతో విసిగి, ఏ బల్బు పెట్టినా పనిచేసే పీహెచ్5 దీపాన్ని 1958లో చేశాడు. ఆయనకు మూడు షేడ్ల చోటు దొరికింది, నాకు దొరికింది ఒక షేడు, ఒక బూడిద రంగు పట్టీ.

గోడ

దీపం కిందే చీకటి అని సామెత. ఈ దీపానికి కింద వెలుతురే, చీకటంతా వెనక చేరింది. పుస్తకం తళతళలాడుతుంటే వెనక గోడ నల్లగా ఉంది. కళ్లు పేజీ మీంచి లేచినప్పుడల్లా చీకట్లోకి వెళ్లి వస్తాయి, ప్రతిసారీ సర్దుకోవాలి. అరగంటలో అలసిపోతాయి. పని చేసే చోటికీ దూరంగా కనబడే గోడకూ మధ్య ప్రకాశంలో తేడా పది రెట్లు దాటకూడదని లైటింగ్ వాళ్లు పాటించే పాత లెక్క ఒకటి ఉంది. నా నమూనాలో అంతకు చాలా ఎక్కువ ఉంది.

షేడ్ వెనక పైభాగంలో 3 మి.మీ. చీలిక పెట్టాను. అందులోంచి కొద్దిపాటి వెలుతురు గోడ మీద పలచగా పరుచుకుంటుంది. పడుకున్నవాళ్లకు ఆ చీలిక కనబడదు, కూర్చున్నవాళ్లకూ కనబడదు. నీళ్లు తాగడానికి లేచి నిలబడితే మాత్రం సూటిగా కళ్లలో కొట్టింది. దాని మీద చిన్న రేకు చూరు దించాల్సి వచ్చింది. వేడి గాలి బయటికి పోవడానికి కూడా ఆ చీలికే దారి అయింది. ఇది నేను ముందుగా ఆలోచించింది కాదు, తర్వాత కలిసొచ్చింది.

అరచేయి, పెన్సిలు

రంగు విషయంలో పెద్ద వాదన ఏమీ జరగలేదు. రాత్రి వాడే దీపం కాబట్టి 2,700 కెల్విన్, పాతకాలం ఫిలమెంట్ బల్బు ఛాయ. అయితే కెల్విన్ అంకె సరిపోయినంత మాత్రాన రంగులు సరిగ్గా కనబడతాయని లేదు. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ పూత నాసిరకమైతే ఎరుపు తక్కువపడుతుంది. రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పడానికి పెట్టెల మీద వేసే సీఆర్‌ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 ఆ సగటులో లేదు. కాబట్టి 80 సీఆర్‌ఐ అని రాసిన ఎల్‌ఈడీకి ఆర్9 దాదాపు సున్నా కూడా ఉండొచ్చు. నేను సాంపిల్ వచ్చిన వెంటనే దాని కింద అరచేయి పెడతాను. ఆరోగ్యంగా ఉన్న చేయి పాలిపోయినట్టు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేస్తాను. ఆ తర్వాతే మీటరు. చివరికి తీసుకున్నది 90 దాటిన సీఆర్‌ఐ ఉన్నది.

వెలుతురు తగ్గించే గుండ్రటి మీట దగ్గర మాత్రం చాలా దెబ్బలు తిన్నాం. ఎల్‌ఈడీని తగ్గించడం అంటే ఎక్కువగా దాన్ని వేగంగా వెలిగించి ఆర్పడమే. ఆరిన సమయం పెరిగేకొద్దీ కంటికి వెలుతురు తగ్గినట్టు ఉంటుంది. మొదటి నమూనాలో పెట్టిన చవక సర్క్యూట్ సెకనుకు రెండు వందల చిల్లర సార్లు వెలిగి ఆరేది. సూటిగా చూస్తే ఏమీ తెలియదు. దాని కింద పెన్సిల్ పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే ఒక పెన్సిల్ ఏడెనిమిది పెన్సిళ్లుగా, దువ్వెన పళ్లలా కనబడింది. ఫోన్ కెమెరాలో నల్లటి చారలు పరుగెత్తాయి. ఇలాంటి మిణుకు కొందరికి తలనొప్పి తెస్తుంది. ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 2015లో ఇచ్చిన 1789 నంబరు సిఫారసు ప్రకారం 3,000 హెర్ట్జ్, అంటే సెకనుకు 3,000 సార్లు, దాటితే ఈ బెడద లేదని లెక్క. మేం దాన్ని దాటి వెళ్లాం. పెన్సిల్ మళ్లీ ఒక్కటే అయింది.

మీట తిప్పుడు ఇంకో తలనొప్పి. సగం తిప్పితే సగం వెలుతురు రావాలని సర్క్యూట్ చేసిన ఇంజినీరు అలాగే కట్టాడు. మీటరు ప్రకారం అది నూటికి నూరు పాళ్లు కరెక్టు. కంటికి మాత్రం సగం తిప్పేసరికే దాదాపు పూర్తిగా వెలిగిపోయినట్టు ఉంది, ఆ తర్వాత తిప్పినా తేడా తెలియడం లేదు. మన కళ్లు వెలుతురును అలా కొలవవు. లైటింగ్ రంగంలో వాడే వర్గమూలం లెక్క ప్రకారం, కొలతలో 50 శాతం ఉన్న వెలుతురు కంటికి 70 శాతంగా అనిపిస్తుంది. 10 శాతం ఉన్నది 32గా, 1 శాతం ఉన్నది 10గా తోస్తుంది. మీటను ఈ వంపు ప్రకారం మళ్లీ రాయించాం. కింది చివర 1 శాతం దగ్గర ఆపాం, అంటే 4 ల్యూమెన్లు. నిద్రలో లేచి చెప్పులు వెతుక్కోవడానికి అంత గుడ్డి వెలుతురు చాలు. చీకటికి అలవాటుపడటానికి కంటికి అరగంట దాకా పడుతుంది. లైటు భగ్గున వెలిగితే అదంతా ఒక్క క్షణంలో పోతుంది, మళ్లీ నిద్ర పట్టదు.

మీట కంటే ముందు టచ్ స్విచ్ పెట్టాలని కంపెనీ గట్టిగా అడిగింది. పెట్టి చూశాం. దుమ్ము తుడిస్తే వెలిగింది, దుప్పటి కొస తగిలితే వెలిగింది. పెద్దాయనకేమో చీకట్లో అది ఎక్కడుందో చేతికి దొరకలేదు. "తడిమితే తెలియాలి కదా బాబూ" అన్నారు. మెట్టు తగిలి టిక్‌మనే మీట అక్కడే ఖాయమైంది.

చేయి ఎందుకు పైకి లేవదు

వంగే చేయి ఉన్న దీపాల్లో అసలు సమస్య భూమ్యాకర్షణ. 1932లో ఇంగ్లండులో జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజినీరు దీన్ని స్ప్రింగులతో పరిష్కరించాడు. కార్ల సస్పెన్షన్ మీద పనిచేసినవాడు. చేతిని ఎక్కడ వదిలితే అక్కడ నిలబడేలా చేశాడు, అదే తర్వాత యాంగిల్‌పాయిజ్ అనే దీపం అయింది. 1972లో రిచర్డ్ సాపర్ అనే డిజైనర్ టిజియో అనే తన దీపానికి స్ప్రింగులు తీసేసి ఎదురు బరువులు పెట్టాడు. తక్కువ వోల్టేజీ కరెంటును చేతుల లోహం గుండానే పంపాడు, వైరు అసలు కనబడదు. రెండూ నాకు ఎంతో ఇష్టమైన దీపాలు. రెండూ నాకు పనికిరావని తేల్చుకోవడానికి కాస్త మనసు రాయి చేసుకోవాల్సి వచ్చింది.

నాకు మిగిలిన మూడో దారి ఒత్తిడితో పట్టుకునే కీలు. తల 310 గ్రాములు, 42 సెం.మీ. అడ్డ గొట్టం 220 గ్రాములు. ఈ బరువును మోయాలంటే కీలు దాదాపు 1.7 న్యూటన్ మీటర్ల బిగువుతో ఉండాలి. కొత్తలో బాగుంటుంది. రెండేళ్లకు వదులై, రాత్రి పైకి పెట్టిన తల పొద్దున్నకు కిందికి వాలిపోయి ఉంటుంది. బిగువు ఇంకా పెంచితే పెద్దాయన చేతికి తిరగదు.

అప్పుడు ఇళ్లలో చూసింది గుర్తొచ్చింది. జనం దీపాన్ని పక్కకు తిప్పుతారు, రోజూ తిప్పుతారు. ఎత్తు మాత్రం కొన్న రోజు సరిచూసుకుని ఆ తర్వాత పట్టించుకోరు. కాబట్టి ఎత్తును మార్చలేకుండా 40 సెం.మీ. దగ్గర నిలిపేశాను. నిలువు గొట్టం పైన అడ్డ గొట్టం గడియారం ముల్లులా అడ్డంగా మాత్రమే తిరుగుతుంది. అలా తిరిగే కీలు మీద వాలిపోయే బరువు పడదు. వదులైనా వాలడానికి ఏమీ లేదు. "అన్ని వైపులకూ" అన్న కోరిక పోయిందని కంపెనీ మొదట గునిసింది. ధర తగ్గుతుందని తెలిశాక మెత్తబడింది.

ఈ కీలుకు కూడా ఒక ఆపుడు కావాల్సి వచ్చింది. మొదటి నమూనా గిర్రున ఎంతైనా తిరిగేది. చిన్న పిల్లాడున్న ఇంట్లో ఇచ్చాం. వారం తిరక్కుండానే దీపం ఉండుండి ఆరిపోతోందని ఫోను. విప్పి చూస్తే లోపలి వైరు తాడులా పురి తిరిగి తెగే దశలో ఉంది. ఇప్పుడు 300 డిగ్రీల దగ్గర మేకు తగులుతుంది. వైరు కూడా మార్చి, సన్నటి పోగులున్న సిలికాన్ వైరు వేశాం.

దిమ్మ బరువు

పక్కకు చాచిన చేయి దీపాన్ని పడదోయాలని చూస్తుంది. దిమ్మ ఆపాలి. దిమ్మ 18 సెం.మీ. వెడల్పు గుండ్రటి ఉక్కు పలక. తల దిమ్మ అంచు నుంచి 33 సెం.మీ. బయట వేలాడుతుంది, అడ్డ గొట్టం బరువు మధ్యభాగం 12 సెం.మీ. బయట ఉంటుంది. ఈ రెండూ కలిపి దీపాన్ని తిరగేయాలని చూస్తుంటే, దిమ్మ బరువు అంచు నుంచి 9 సెం.మీ. లోపల కూర్చుని వెనక్కి లాగుతుంది. లెక్క వేస్తే సమతలంగా ఉన్న బల్ల మీద పడకుండా నిలవడానికే 1.43 కిలోలు కావాలి. ఇళ్లలో వాడే కదిలే దీపాలకు ఐఈసీ 60598 అనే అంతర్జాతీయ ప్రమాణం 6 డిగ్రీలు వాలిన పలక మీద కూడా పడకూడదంటుంది. ఆ వాలులో తల ఇంకో 4 సెం.మీ. బయటికి జరుగుతుంది, దాంతో దాదాపు 1.7 కిలోలు అవుతుంది. ఇది లెక్కకు చాలే బరువు. పిల్లి దూకినా, వైరు కాలికి తగిలినా నిలవాలంటే ఇంకా కావాలి. పది మి.మీ. మందం పలక 2 కిలోలు తూగుతుంది, అదే ఖాయం చేశాను.

మొదటి బ్యాచ్ వచ్చింది. పెట్టె తెరిచి, దీపం బల్ల మీద పెట్టి, చేయి పక్కకు తిప్పాను. నెమ్మదిగా, మర్యాదగా, నా ఒళ్లోకి పడింది. దిమ్మ మందం కొలిస్తే 6 మి.మీ. ఉంది, బరువు 1.2 కిలోలు. ఉక్కు ఆదా చేద్దామని తయారీదారు దగ్గర ఎవరో డ్రాయింగులో అంకె మార్చారు. అడుగున రబ్బరు మందంగా వేయడంతో బయటికి తేడా తెలియలేదు. నా తప్పూ ఉంది. డ్రాయింగులో మందం రాశాను కానీ, ఎందుకంత మందమో రాయలేదు. ఎందుకో తెలియని అంకెను ఎవరైనా తగ్గిస్తారు. ఇప్పుడు నా డ్రాయింగుల్లో దిమ్మ పక్కన "ఈ బరువు తగ్గితే దీపం పడుతుంది" అని ఒక వాక్యం ఉంటుంది.

బరువైన దిమ్మ మోయడం కష్టం, నిజమే. 1962లో కాస్టిలియోని సోదరులు చేసిన ఆర్కో దీపం దిమ్మ 65 కిలోల పాలరాయి. దాన్ని ఇద్దరు మోయడానికి వీలుగా రాతికి ఒక రంధ్రం పెట్టారు, అందులో చీపురు కర్ర దూర్చి ఎత్తొచ్చు. మా 2 కిలోలకు ఆ గొడవ లేదు.

వేడి, విప్పడం

ఎల్‌ఈడీ ముందుకు వేడి చిమ్మదు కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటారు. వేడి వెనక్కి పోతుంది, అంతే తేడా. 6 వాట్లలో సగం కంటే ఎక్కువ వేడిగా మారుతుంది. తొలి నమూనాలో తల ప్లాస్టిక్. గంట తర్వాత పలక దగ్గర వేడి 90 డిగ్రీలు దాటింది. అలా వదిలేస్తే ఎల్‌ఈడీ చచ్చిపోదు, నెమ్మదిగా మసకబారుతుంది. అల్యూమినియం వేడిని ప్లాస్టిక్ కంటే దాదాపు వెయ్యి రెట్లు బాగా లాక్కుంటుంది. షేడ్ మొత్తం అల్యూమినియం రేకుతో చేసి, పలకను దానికే స్క్రూలతో బిగిస్తే 55 లోపే నిలిచింది. షేడే రేడియేటర్ అయింది.

స్క్రూలు అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. జిగురుతో అంటించడం చవక. అప్పుడు ఎల్‌ఈడీ పోతే దీపం మొత్తం పారేయాలి. ఎల్‌ఈడీ 25,000 గంటలు నడుస్తుందంటే, అంత సేపటికి వెలుతురు 70 శాతానికి తగ్గుతుందని అర్థం. రోజుకు 4 గంటల చొప్పున 17 ఏళ్లు. అన్నేళ్లు అడాప్టర్ నిలవదు, అందులోని కెపాసిటర్లు ముందు ఎండిపోతాయి. అందుకని అడాప్టర్ దిమ్మలో దాచకుండా బయట ఉంచాం, ఎక్కడైనా దొరికే పిన్నుతో. దిమ్మలో దాస్తే చూపుకు బాగుండేది.

ఆరు నెలల తర్వాత

దీపాలు ఇచ్చిన ఇళ్లకు ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. మోచేయి అడ్డం పెట్టుకుని పడుకున్న ఆవిడ ఇప్పుడు నిద్రపోతున్నారు, కానీ షేడ్ మీద వేలిముద్రలు తుడవలేక చస్తున్నానన్నారు. మెరుపు లేని నల్ల పూత ఎంచుకున్నది నేనే. వెనక చీలికలో దుమ్ము పేరుకుని, గోడ మీద సమంగా పరుచుకోవాల్సిన వెలుతురులో చుక్కలు పడుతున్నాయి.

పెద్దాయన ఇంట్లో చూసింది మాత్రం నేను ఊహించలేదు. ఆయన షేడ్‌ను గోడ వైపు తిప్పేసి, ఇంకా వంచాలని కీలులో నేను పెట్టిన 15 డిగ్రీల మేకును పట్టకారుతో పీకేశారు. తల దాదాపు పైకి చూస్తోంది. వెలుతురంతా గోడకు కొట్టి మెత్తగా గదిలోకి వస్తోంది. "చదివేది గంటే బాబూ. మిగతా సేపు ఊరికే కూర్చుంటాం కదా, అప్పటికి ఇలా బాగుంది" అన్నారు. ఆయన ఒక్కరే ఉండే గది అది, పక్క దిండు లేదు.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న రెండో నమూనాలో ఆ కీలు పక్క దిండు వైపు 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, గోడ వైపు మాత్రం 110 దాకా వంగుతుంది. అలా వంచినప్పుడు చీలిక నేల వైపు తిరిగి పడుకున్నవాళ్ల కళ్లలో పడుతోంది. చూరు పొడవు ఇంకో 4 మి.మీ. పెంచి చూస్తున్నాను.